ఉంచిన మరక

మునెమ్మ వదిన కర్మాంతరాలకు వచ్చినవాళ్లంతా ఆమె కట్టిన పూలమాలల గురించే మాట్లాడారు. కొండ మీద ఆమె పనిచేసిన సత్రం నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మునెమ్మక్క దారం పడితే మల్లెపూవు రేకు నలిగేది కాదని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. నేను ఆకులు వేస్తూ వింటున్నాను. ఆ వేళ్లు పూలను ముట్టకముందు ఏం చేసేవో తెలిసినవాళ్లం ఆ ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఒకరు నేను. రెండోవాడు మా ఆయన, ఆమె తోడబుట్టిన తమ్ముడు. ఆయన మాట్లాడే మనిషి కాదు. అందుకని చెప్పే పని నా మీద పడింది.

నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆయన తిరుపతిలో బస్సుల డిపోలో మెకానిక్కు. ఘాట్ రోడ్డెక్కే బస్సులు చూసేవాడు. డిపో వెనక సందులో రెండు గదుల వాటా, ముందు ఒక వసారా, వెనక గచ్చు చేయని పెరడు. పెరట్లో ఒక నీళ్లతొట్టి, దాని పక్కన గుడ్డలుతికే బండ. ఇంట్లో ముగ్గురం. పుత్తూరు దగ్గరి పల్లెలో మాది వేరుశనగ పండించే ఇల్లు. అక్కడ పొద్దున లేస్తే ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని కేకేస్తూనే ఉండేవాళ్లు. నాయన ఎద్దుల్ని అదిలించేవాడు, అవ్వ పొయ్యి దగ్గర గొణిగేది, పిన్నమ్మ పిల్లలు ఏడ్చేవాళ్లు. ఆ గోల ఎప్పుడు ఆగుతుందా అని విసుక్కునేదాన్ని. తిరుపతి వాటాలోకి వచ్చిన మొదటి వారంలోనే ఆ గోల కోసం చెవులు నొప్పిపెట్టాయి. ఆయన షిఫ్టు దిగి వచ్చేవాడు, తొట్టి దగ్గర చేతులు తోముకునేవాడు, తినేవాడు, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కోపం లేదు, చెడ్డతనం లేదు. మాట లేదు, అంతే. రోజంతా ఇంజన్ల మోతలో గడిపి వచ్చిన మనిషికి ఇంట్లో నిశ్శబ్దమే భోజనమని నాకు అప్పట్లో తెలియదు. నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను.

వదిన కూడా మాటకారి కాదు. ఆయనకన్నా చాలా పెద్దది. తల్లీతండ్రీ పోతే తమ్ముణ్ణి ఆమే పెంచింది. ఆమెకూ పెళ్లయింది. పెళ్లయిన కొన్నాళ్లకు ఆయప్ప మద్రాసుకు పనికి పోయి, అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఆమె ఒక చిన్న పెట్టె పట్టుకుని తమ్ముడి దగ్గరకు వచ్చేసింది. ఈ కథ మా అత్తగారి తరఫు వాళ్లు ఎవరో చెబితే తెలిసింది గానీ, ఆమె నోట ఎప్పుడూ వినలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేది. నుదుట బొట్టు పెట్టుకునేది, చిన్నదిగా. ఇంటి పనులన్నీ నేను వచ్చిన మర్నాడే నా చేతికిచ్చేసింది. పొయ్యి ఇచ్చింది, నీళ్లు పట్టే పని ఇచ్చింది, బియ్యం డబ్బా ఇచ్చింది. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. తమ్ముడి పని గుడ్డలు.

ఆ గుడ్డల గురించి చెప్పాలి. డీజిలు వాసన ఆయనకన్నా ముందే సందు మలుపు తిరిగి ఇంట్లోకి వచ్చేది. ఖాకీ చొక్కా రొమ్ము మీద గ్రీసు, మోచేతుల దగ్గర ఇంజనాయిలు, ప్యాంటు మోకాళ్ల మీద నేల మీది నల్లటి జిడ్డు. వీధికి గుడ్డలుతికే ఆయన వాటిని ముట్టుకునేవాడు కాదు. "ఇవి నా బానలో ఏస్తే వీధి గుడ్డలన్నీ నల్లగా అయిపోతాయి తల్లీ" అని దండం పెట్టేశాడట. తప్పు ఆ ఉతికే ఆయనది కాదు. అందుకే వాటికి మా పెరట్లో వేరే బకెట్టు, వేరే బ్రష్షు, చివరికి ఆరేసే తాడు కూడా వేరే. ఆ తాడు మీద నా చీర కొంగు తగిలినా వదిన పక్కకు తీసేది.

పెళ్లయిన కొత్త. మొగుడికి ఏదో ఒకటి చేసి మెప్పు పొందాలని ఉంటుంది కదా. ఒక రోజు వదిన రేషన్ కోసం అంగడికి పోయిన వేళ చూసి, ఆ గుడ్డలు నేనే ఉతుకుదామని కూర్చున్నాను. మా ఊళ్లో మురికి గుడ్డలంటే మరిగే నీళ్లు, సోడాకారం. అదే చేశాను. నీళ్లు సలసలా కాగాక చొక్కాను ముంచి, కర్రతో తిప్పి, బండకేసి బాది, ఎర్రటి ఎండలో ఆరేశాను. ఆరాక చూస్తే గ్రీసు చోటు కొంచెమే ఉన్నది అరచేయంత అయ్యి, గుడ్డ లోపలికి దిగి, ఇనప తుప్పులాగా నిలిచిపోయింది. వదిన వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. చొక్కాను తీసి వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది.

"ఏమ్మే, ముందే నీళ్లలో ఏసినావా?"

"వేడినీళ్లు పోసినా వదినా. మా ఊళ్లో మన్ను మరకలే గదా, నాకేం తెలుసు."

"నూనెకి నీళ్లంటే పగమ్మే. ముందే నీళ్లు సూపిస్తే అది బెదురుకోని లోపలికి పోయి దాక్కుంటాది. మళ్ల నువ్వు ఎంత పిలిచినా రాదు." చొక్కాను బండ మీద పరిచి అంది, "రా, కూసో. నేర్చుకుందువులే."

అట్లా మొదలైంది. పొద్దు వాలే వేళ, ఆయన రెండో షిఫ్టుకు పోయాక, మేమిద్దరం పెరట్లో బండకు చెరో పక్కన కూర్చునేవాళ్లం. డీజిలు తడి మీద పొడి సుద్ద గానీ, జల్లించిన పొయ్యి బూడిద గానీ చల్లాలి. అది తాగేటంత తాగనిచ్చి దులిపేయాలి. గ్రీసును ముందు చెంచా వెనక వైపుతో గీకి తీసేయాలి. తర్వాత గుడ్డ కింద ఒక పాత పేలిక పరిచి, ఇంకో పేలికను కిరసనాయిల్లో కొంచెం ముంచి అద్దాలి. నేను మరక మధ్యలో రుద్దబోతే నా చేతిని పట్టి ఆపేది. "అంచు నుంచి నడానికి రావల్ల. నడాన మొదులుపెడితే ఊరంతా పాకతాది." ఆ తర్వాత కుంకుడుకాయ నురగ, ఆ తర్వాతే నీళ్లు, అవీ గోరువెచ్చనివి. కిరసనాయిలు అంటిన గుడ్డ పొయ్యి దాపుకు రాకూడదు. మరక పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరేదాకా ఎండ తగలకూడదు, నీడలోనే ఆరాలి. ఎండ తగిలిందంటే ఉన్న మరక ఉన్నచోటే కాపురం పెడుతుందని చెప్పేది. ఈ చివరి మాట అనేటప్పుడు ఒక్కసారి నవ్వింది. ఆమె నవ్వగా నేను మొదటిసారి చూడటం అదే.

చేతులు పనిలో ఉంటే ఆమెకు నోరు వచ్చేది. తమ్ముడు చిన్నప్పుడు లారీ షెడ్డులో పని నేర్చుకునేటప్పుడు నల్లగా ఇంటికి వస్తే, గుర్తుపట్టక కుక్క మొరిగిందని చెప్పేది. మా ఊరి సంగతులు అడిగేది. అవ్వ ఏ పాట పాడేది, పిన్నమ్మ పిల్లలు ఏ కొట్లాట పెట్టుకునేవాళ్లు, అన్నీ. నేను చెబుతూ పోయేదాన్ని. కిరసనాయిలు, కుంకుడు రసం, తడి మన్ను కలిసిన వాసన ఒకటి ఉండేది ఆ వేళకు. ఆ వాసన కోసం పొద్దున్నించీ కాచుకుని ఉండేదాన్ని. తక్కిన రోజంతా ఎట్లాగో దాటించాల్సిన గడ్డు దారి. మాట ఉన్నది ఆ ఒక్క గంటలోనే.

చలికాలం వచ్చేటప్పటికి నా చెయ్యి తిరిగింది. ఒక రోజు ఆమె ముట్టకుండా చొక్కా మొత్తం నేనే చేశాను. రొమ్ము మీది గ్రీసు ఆనవాలు లేకుండా పోయింది. గర్వంగా ఆమె ముందు పరిచాను. వదిన వేలితో తడిమి చూసి, తృప్తిగా ఊపిరి విడిచి అంది:

"ఇంగ నేను పోవచ్చు."

"యాడికి?"

"కొండకి. నాకు తెలిసిన ఆయమ్మ ఒగామె ఆడ సత్రంలో పూలు కడతా ఉండాది. రమ్మని శానాళ్లుగా పిలస్తా ఉండాది. ఉండేదానికి గది కూడా ఇస్తారంట. వీడి గుడ్డలు ఎవురు ఉతకతారు అని ఆగినా. ఇప్పుడు నువ్వు నేర్చుకుంటివి."

నా చేతిలో బ్రష్షు అట్లాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఆ గుడ్డల్ని నాకివ్వకుండా తన దగ్గర ఉంచుకుంటోందనుకున్నాను, తమ్ముడి మీద హక్కు వదులుకోలేక. ఆమె చేస్తున్నది అప్పగింత అని అప్పుడు అర్థమైంది. పెరట్లో బండకు అవతలి పక్క ఖాళీగా ఉన్నట్టు కళ్లకు కట్టింది. రెండు గదులు, ఒక పెరడు, గోడ వైపు తిరిగి పడుకునే మనిషి, నేను.

మరుసటి ఉతుకులో చొక్కా రొమ్ము మీద ఒక మరక ఉంచేశాను. తెలిసే చేశాను. సుద్ద చల్లాల్సినచోట చల్లలేదు, మరక పోకముందే ఎండలో వేశాను. వదిన చూసి, "ఇంకా కుదర్లేదే నీకు" అంది. అనేసి కొండ మాట ఎత్తలేదు. నా గుండె తేలికపడింది. ఆ పై వారం కూడా అట్లాగే చేశాను. మరకలు మారేవి, చోటు మారేది, ఏదో ఒకటి మిగిలేది. ఆయన ఆ చొక్కాలే తొడుక్కుని డిపోకు పోయేవాడు. ఒకసారి ఆయనతో పనిచేసే ఆయన వాకిట్లో నిలబడి, "ఏమప్పా రత్నం, పెండ్లయినాక మనిషి తెల్లబడతాడంటారే, నువ్వేంది నల్లబడతా ఉండావు?" అని నవ్వాడు. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టి నడిచాడు. నా వైపు చూడను కూడా లేదు. లోపల నేను గోడకు ఆనుకుని ఒంటి మీద చీమలు పాకుతున్నట్టు నిలబడ్డాను. అయినా ఆపలేదు. చలి పోయింది, మామిడి పూత వచ్చింది, పిందె పడింది. కొండ మీది ఆయమ్మ మళ్లీ కబురు పంపింది. వదిన "ఇప్పుడే కాదులే" అని తిప్పి పంపింది.

ఆ సాయంత్రమే నేను ఉతికి ఆరేసిన చొక్కా ఒకటి తాడు మీంచి తీసి, మరక పైకి వచ్చేలా నా ఒళ్లో పెట్టింది.

"ఈ కర పోకుండా ఉండిపోయింది కాదమ్మే. నువ్వు ఉంచినావు."

నేను చొక్కాను మడతపెట్టబోయాను.

"పని వచ్చిన చేతికీ రాని చేతికీ నాకు తేడా తెలీదా? కాలరు సూడు, మల్లెపూవు మాదిరి ఉండాది. చేతుల కాడ సుక్క లేదు. సుట్టూ ఉండేదంతా తీసినావు, నడాన ఒగటి ఉంచినావు. యాల?"

"నువ్వు పోతే నేను ఎవురితో మాట్లాడేది వదినా?" అన్నాను. అని ఏడ్చేశాను. పెళ్లయ్యాక అంత గట్టిగా ఏడవడం అదే మొదలు.

ఆమె నన్ను దగ్గరకు తీసుకోలేదు. అట్లాంటి మనిషి కాదు. బండ మీద కూర్చుని తన చేతుల్ని చూసుకుంది. గోళ్ల అంచున నల్లటి గీతలు ఎన్ని కుంకుళ్లకూ పోని రకం.

"నేను మాత్రం ఇన్నేండ్లు ఎవురితో మాట్లాడినా సెప్పు. ఈ గుడ్డలతోనే గదా. అత్తింట్లో ఉంటే అది మొగుని తావు. ఆడ లేదనుకోని ఈడికొస్తే ఇది తమ్ముని తావు. ఇప్పుడు నీ తావు. నన్ను ఎవురూ పొమ్మనలా, ఆ మాట సెప్పకూడదు. అయినా నాదీ అనే తావు ఒగటి ఉండల్ల గదమ్మే, సచ్చే లోపల."

"ఈడ నీకేం తక్కువ చేసినాము?"

"ఏమీ లేదు. నువ్వు ఉండమంటే ఉంటా. ఆ మాట నువ్వే సెప్పు."

ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నిజంగానే ఉండిపోయేది, నాకు తెలుసు. ఇంకో ఏడాది, ఇంకో పదేళ్లు, నేను పిల్లల్ని కంటే వాళ్ల గుడ్డలు కూడా ఉతుకుతూ. నా ముఖం వైపు చూడకుండా తాడు వైపు చూస్తూ కూర్చుంది, నా మాట కోసం. పెరట్లో కాకులు గూళ్లకు పోతున్నాయి. డిపోలో ఎవరో ఇంజను ఎక్కువసేపు గుర్రుమనిపించి ఆపేశారు.

నేను లేచి లోపలికి పోయి కిరసనాయిలు సీసా తెచ్చాను. ఎండకు బిగిసిన మరక అంత సులభంగా రాదు. మొదట కొంచెం వేరుశనగ నూనె రాసి నానబెట్టాను, గట్టిపడ్డ జిడ్డును మెత్తబరచడానికి అది ఆమె చెప్పిన ఉపాయమే. ఆ తర్వాత పేలికతో అద్దడం మొదలుపెట్టాను, అంచు నుంచి నడానికి. ఆమె చెయ్యి పెట్టలేదు. నేను అడగలేదు. కళ్లలో నీళ్లు కారుతుంటే భుజంతో తుడుచుకున్నాను, కిరసనాయిలు చేతులతో కళ్లు ముట్టకూడదు కదా. కుంకుడు నురగ వేసి, విడిచి, మళ్లీ వేసి, పొద్దు పూర్తిగా దిగేసరికి ఆ మరక పోయింది. చొక్కాను పిండి నీడ తాడు మీద వేసి ఆమె వైపు తిరిగాను.

"పో వదినా" అన్నాను.

కొండ బస్సెక్కే రోజు ఆమె దగ్గర అదే చిన్న పెట్టె. నేను బస్టాండుదాకా పోయాను. ఆయన డ్యూటీలో ఉన్నాడు. రాడేమో అనుకున్నాను. బస్సు కదలబోయే ముందు పని గుడ్డలతోనే వచ్చాడు. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను కాలితో తన్ని చూసి, డ్రైవరు దగ్గరకు పోయి బ్రేకుల గురించి ఏదో అడిగి, వచ్చి ఆమె కిటికీ కింద నిలబడ్డాడు. ఆమె కిటికీలోంచి వంగి అంది:

"ఒరే రత్నం, చేతులు చొక్కాకి తుడుసుకోవద్దురా. పాత గుడ్డ ఒగటి జోబీలో పెట్టుకో."

"సరేక్కా."

అంతే వాళ్ల వీడ్కోలు. బస్సు అలిపిరి వైపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆయన జేబులో పాత గుడ్డ లేని రోజు లేదు.

ఆ ఎండాకాలం గడవడం చాలా కష్టమైంది. బండకు ఒక పక్కన నేను, అవతల ఎవరూ లేరు. చొక్కా శుభ్రంగా వచ్చేది, చూపించడానికి మనిషి లేదు. ఆయన తొడుక్కుని పోయేవాడు. నేను గుడ్డల్ని చదవడం మొదలుపెట్టాను, వేరే ఏం చేయాలో తెలియక. వీపు మీద మన్ను, నూనె కలిసి ఉంటే బస్సు కింద పడుకుని పనిచేశాడని. కుడి చేతికే డీజిలు ఉంటే పంపు దగ్గర చేశాడని. గేరు నూనెకు గంధకం లాంటి ఘాటు ఉంటుంది, దాన్ని కళ్లు మూసుకుని పట్టేదాన్ని. ఒక రోజు అన్నం పెడుతూ, ఉండబట్టలేక అడిగాను.

"ఈ పొద్దు గేరుబాక్సు విప్పినారా?"

ఆయన ముద్ద ఆపి తలెత్తాడు. "నీకెట్ల తెలుసు?"

"చొక్కా సెప్పింది."

ఆ ముద్ద తినేశాడు. తర్వాత, మలుపులో గేరు పడక ఆగిపోయిన బస్సు గురించి నాలుగు మాటలు చెప్పాడు. మా కాపురంలో మాటలు అట్లా మొదలయ్యాయి. అక్కడి నుంచి వరదై పారాయని చెబితే అబద్ధం. రోజుకు నాలుగు మాటలు, బాగున్న రోజు పది. వాటితోనే పిల్లను పెంచాం, పెళ్లి చేసి సూళ్లూరుపేటకు పంపాం, ముసలివాళ్లమయ్యాం.

వదిన కొండ దిగి రావడం అరుదు. నేనే పోయేదాన్ని. మొదటిసారి పోయినప్పుడు వానాకాలం. సత్రం వెనక వరసలో ఆమె గది, ఒక మనిషి చాప పరిస్తే నిండేటంత. మూలన పూల బుట్ట, తడి గుడ్డ కింద మరువం, దవనం. ఆమె గోళ్ల నలుపు పోయింది. ముఖం నిండింది. ఇద్దరం కూర్చుని మాలలు కట్టాం, నావి వదులుగా ఉన్నాయని రెండు సార్లు విప్పించింది. తమ్ముడెట్లా ఉన్నాడని అడిగింది. గుడ్డల సంగతి అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. నేను ఎంత బాగా ఉతుకుతున్నానో చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చినదాన్ని, చెప్పలేకపోయాను. మబ్బు దిగి వరండాలో దీపాలు వెలిగించే వేళకు, "ఈ పూట ఈడనే ఉండేదా వదినా?" అన్నాను.

"వద్దులే. వాడు డ్యూటీ దిగే పొద్దాయె. బస్సు ఉండాది, బిన్నా పో."

బయటిదాకా వచ్చి సాగనంపింది. నేను నాలుగడుగులు వేసేటప్పటికి వెనక తలుపు మూసుకుంది, లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. నిదానంగా, పూర్తిగా వేసిన గడియ. మా తిరుపతి వాటాలో ఆమె పడుకున్న వసారాకు తలుపే లేదని ఆ మబ్బులో నడుస్తూ ఉండగా గుర్తొచ్చింది. ఆమె మీద కోపం రాలేదు. ఏడుపు కూడా రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మలుపు మలుపుకూ బ్రేకులు పడుతుంటే, వాటిని చూసిన చేతులు ఇంట్లో అన్నం కోసం కాచుకుని ఉంటాయని అనుకుంటూ దిగాను.

ఇప్పుడు మాది అపార్టుమెంటు. గుడ్డలు మిషన్లో తిరుగుతాయి, వాటి మీద ఏ మరకా ఉండదు. ఆయన తెల్లపంచె కట్టుకుని కూర్చుంటాడు. ఇంజన్ల మధ్య బతికిన చెవులు ఇప్పుడు బాగా మందగించాయి, ఆ నాలుగు మాటలూ కేకేసి చెప్పాలి, చెప్పి అలసిపోయి మానేస్తాను. ప్రతి గదికీ తలుపు, ప్రతి తలుపుకూ లోపలి గడియ. నేను ఒక్కటీ వేయను. మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక వీధి తలుపు కూడా ఊరికే దగ్గరికి వేసి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను, ఎవరైనా తోసుకుని లోపలికి వస్తారేమోనని.